థైరాయిడు నేత్రవ్యాధి
థైరాయిడు వ్యాధి వలన కనుగ్రుడ్లు ముందుకు పొడుచుకొనివచ్చిన రోగులలో కొందఱికి, చూపు ఇంకను మందగింపకముందే, రెటీనాలోని సూక్ష్మరక్తనాళముల సాంద్రత తగ్గుటయు, దాని వెనుకనున్న రక్తనాళపటలము దళసరియగుటయు ఓసీటీ అను కంటి స్కాను చిత్రములలో గోచరించుచున్నవని పరిశోధనలు తెలుపుచున్నవి. ఫలితములన్నియు ఏకరీతిగా లేవు గనుక చిత్రమొక్కదానినే నమ్మి చికిత్స నిర్ణయింపరాదు. అయినను, ఉబ్బిన కండరములు నేత్రనాడిని నొక్కి శాశ్వతాంధత్వము కలిగింపగల ఈ రోగమున, రక్తపరీక్ష బాగున్నదన్న మాటతో రోగిని ఇంటికి పంపుట అంతకంటె ప్రమాదకరము. ఒక కంటికి ఎఱ్ఱగా కనబడు కుంకుమ రెండవ కంటికి వెలిసినట్లు తోచినచో, అది నేత్రనాడి నొక్కుకొనుచున్నదనుటకు ఒక్క దినమైనను ఉపేక్షింపరాని హెచ్చరిక. కావున థైరాయిడుకు చికిత్స చేయు వైద్యుడు, పొగత్రాగుట ఈ వ్యాధిని విషమింపజేయునని నిష్కర్షగా చెప్పుటయేగాక, రోగి వచ్చినప్పుడెల్ల వర్ణదృష్టిని పరీక్షించి, అనుమానము కలిగిన తక్షణమే నేత్రవైద్యునికడకు పంపవలెను.