పనులు చేసుకుంటోందిగా, ఇంకేం జబ్బు?

కోల్‌కతా ఇళ్లలోనైనా మన ఇళ్లలోనైనా ఒక ఆడమనిషికి డిప్రెషన్ అని తెలిస్తే, చుట్టూ ఉన్నవాళ్లు మొదట చూసేది ఆమె పనులు చేస్తోందా లేదా అన్నదే. వండిపెట్టి, పిల్లల్ని బడికి పంపి, ఆఫీసుకు వెళ్లొస్తుంటే “లక్షణంగా తిరుగుతోందిగా, ఇంకేం జబ్బు” అంటారు. మంచం దిగకపోతే “ఖాళీగా కూర్చుంటే బెంగ పట్టుకోదా, లేచి నాలుగు పనులు చేసుకుంటే అదే పోతుంది” అంటారు. దుర్గాపూజ రోజుల్లో కొత్త చీర కట్టి పందిళ్లన్నీ తిరిగిన కోడలికి ఏ జబ్బూ లేనట్టే, గదిలో ఉండిపోయినామెకు పొగరు. ఈ తీర్పులు అన్యాయమైనవి, శాస్త్రానికీ విరుద్ధమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగ వర్గీకరణ పదో కూర్పు తేలికపాటి డిప్రెషన్‌ను వివరిస్తూ, మామూలు పనులు సాగించడం రోగికి కష్టమవుతుంది గానీ అవి పూర్తిగా ఆగిపోకపోవచ్చని చెబుతుంది. అంటే పళ్ల బిగువున పనులు నెట్టుకొస్తున్న మనిషి కూడా రోగే. జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ నిమ్హాన్స్ 2015–16లో పశ్చిమ బెంగాల్‌తో సహా 12 రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో, డిప్రెషన్, ఆందోళన వంటి సాధారణ మానసిక రుగ్మతలున్న వారిలో దాదాపు 85 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. వైద్యులు చాలినంత మంది లేకపోవడం ఒక కారణం. పని చేస్తున్నంతకాలం జబ్బును జబ్బుగా ఒప్పుకోని ఇల్లు మరో కారణమని నా వాదన. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే మనోవిశ్లేషణ సంఘం స్థాపించిన కోల్‌కతా నగరం కూడా ఇందుకు మినహాయింపు కాదు.

పని మంచిదని డాక్టర్లే చెబుతున్నారు కదా అనవచ్చు. నిజమే. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన 495 మంది డిప్రెషన్ రోగులపై జరిగిన పరిశోధన 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వైద్య పట్టా లేకపోయినా శిక్షణ పొందిన సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతలు కూర్చుని రోగులను మళ్లీ పనుల్లోకి నడిపించారు. మూడు నెలలకు వాళ్లలో 64 శాతం మంది కోలుకున్నారు, ఆ సాయం లేనివాళ్లలో 39 శాతమే. కానీ ఆ పద్ధతి “లేచి పని చెయ్యి” అని గద్దించడం కాదు. ఏ పని తనకు కాస్త ఊరటనిస్తుందో రోగితో కలిసి వెతకడం, దాన్ని చేయగలిగినంత చిన్నది చేయడం, చేయలేని రోజున అడ్డొచ్చిందేమిటో తెలుసుకోవడం. మోతాదు చెప్పకుండా మందు సీసా మొత్తం తాగెయ్యమంటే వైద్యమవుతుందా? కోల్‌కతా పావ్లోవ్ మానసిక ఆసుపత్రిలో రత్నబోలి రాయ్ స్థాపించిన అంజలి సంస్థ తెచ్చిన ధోబీ ఘర్‌లో బట్టలుతికింది రోగులే, చా ఘర్‌లో టీ అందించిందీ రోగులే. అక్కడ నేర్పేవాళ్లు ఉండేవారు, చేసినదానికి డబ్బుండేది. ఇంట్లో కోడలి మీద పడే చాకిరీకి ఆ రెండూ లేవు, ఆపైన సెలవూ లేదు.

ఇదంతా కలిగినవాళ్లకు చెల్లుతుంది, కూలి మానితే పొయ్యి వెలగని వాళ్ల మాటేమిటన్నది గట్టి ప్రశ్నే. క్యానింగ్ లోకల్ రైల్లో దక్షిణ కోల్‌కతాకు వచ్చి నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి పని మానలేదు, నేను మానమనడమూ లేదు. గోవాలో చికిత్స జరిగింది సర్కారు ఆరోగ్య కేంద్రాల్లోనే, చేసింది పెద్ద ఫీజుల డాక్టర్లు కాదు. అలాంటి సలహాదారులు ఆమె ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండాలి. వైద్యం విషయంలో మానసిక రోగిని శరీర రోగితో సమానంగా చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. ఆ సమానత్వం ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోకూడదు. టైఫాయిడ్ అంటే జీతం కోయకుండా వారం సెలవిచ్చే ఇల్లు, డిప్రెషన్ అన్నా ఆ వారం ఇవ్వాలి.