దుంగ సముద్రం దాటింది, దర్యాప్తు కొండ దిగలేదు

ఎన్నికలొస్తే చాలు, తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రతి మైకులోనూ ఎర్రచందనమే. మీ నాయకుడికే విదేశీ స్మగ్లర్లతో సంబంధాలున్నాయని వీళ్ళు, కాదు మీ నాయకుడికేనని వాళ్ళు. గెలిచినోళ్ళు దర్యాప్తు అంటారు. ఆ దర్యాప్తు వెనకటోళ్ళ అయిదేండ్లకే. తమ అయిదేండ్లు అందులోకి రావు. నాయకుడి విదేశీ సంబంధాల మీద దర్యాప్తు అంటే ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోవాల? మేము అడిగేది ఇదే.

ముందు ఏది అక్కర్లేదో చెప్పుకుందాం. తిరుపతిలో విదేశీ అనే మాట రాగానే కొందరికి నాయకుడి మతం గుర్తొస్తుంది. 2024 సెప్టెంబరులో జగన్మోహన్‌రెడ్డి తిరుమల ప్రయాణం చుట్టూ డిక్లరేషన్ గొడవ చూసినాం. ఆయన పార్టీతో మాకు తగాదాలు చానా ఉన్నాయి, అది వేరే సంగతి. నాయకుడు ఏ దేవునికి మొక్కుతాడనేది దర్యాప్తులోకి తెస్తే రేపు అదే తాడు మాలపల్లె, మాదిగపల్లెల మెడకు పడుతుంది. చర్చికి పోతున్నారంటూ కుల సర్టిఫికెట్ల మీద విచారణలు పెడితే ఏమవుతుందో మనోళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

దుంగ నడిచిన దారే దర్యాప్తు దారి కావాల. శేషాచలం, వెలిగొండ, లంకమల, నల్లమల - ఎర్రచందనం సహజంగా పెరిగేది ఎక్కువగా ఈ కొండల్లోనే. కొనేవాళ్ళు చైనా, జపాన్ లాంటి దేశాల్లో ఉన్నారు. మధ్యలో ఎన్ని చేతులు! చెక్‌పోస్టులో లారీని వదిలినోడు, గోడౌను ఇచ్చినోడు, చెన్నై రేవులో కంటైనర్ ఎక్కించినోడు, హవాలా డబ్బు అందుకున్నోడు, పట్టుబడితే స్టేషన్‌కు ఫోను చేసినోడు. చెట్టు దగ్గర దొరికేది మాత్రం గొడ్డలి పట్టిన కూలోడు ఒక్కడే.

కొల్లం గంగిరెడ్డి సంగతి చూడండి. ఎర్రచందనం కేసుల్లోనూ, 2003 అలిపిరి దాడి కేసులోనూ నిందితుడు. 2014లో బెయిలు మీద బయటికొచ్చి దేశం దాటినాడు. దొంగ పాస్‌పోర్టుతో పోయినాడని పోలీసులే చెప్పినారు. 2015 ఫిబ్రవరిలో మారిషస్‌లో దొరికినాడు, నవంబరులో తీసుకొచ్చినారు. సరే, దాటించిందెవరు? కువైట్‌కు పనికి పొయ్యే మన ఆడబిడ్డ పాస్‌పోర్టు కాగితంలో ఒక అక్షరం తప్పుంటే నెలల తరబడి తిప్పుతారు గదా!

ఆయన మారిషస్‌లో ఉన్నప్పుడే, 2015 ఏప్రిల్ 7 తెల్లారుజామున, చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలను టాస్క్‌ఫోర్సు కాల్చి చంపింది. తిరువణ్ణామలై, ధర్మపురి వైపు నుంచి కూలికొచ్చిన పేదోళ్ళు. అందులో ఆదివాసులూ ఉన్నారు. తమవాళ్ళను ముందురోజే పట్టుకుపోయినారని తప్పించుకున్నవాళ్ళు మానవ హక్కుల కమిషన్‌కు చెప్పినారు. కమిషన్ సీబీఐ దర్యాప్తు కావాలంది. రాష్ట్రం మాత్రం తన పోలీసులతోనే సిట్ వేసుకుంది. 2013 డిసెంబరులో ఇదే అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను చంపినారు. ఆ చావులూ చావులే, ఆ ఇండ్లకూ న్యాయం కావాల.

కాల్పుల కేసు వేరంటారు, స్మగ్లింగ్ కేసు వేరంటారు, పాస్‌పోర్టు కేసు వేరంటారు. ఒక గొలుసును తుంచి మూడు ముక్కలు చేసి మూడు ఫైళ్ళలో పెడితే, ఆ సందుల్లోంచే నాయకుడు జారిపోతాడు.

పరిధి పెంచితే ప్రభుత్వాలు ఎదుటి పార్టీని వేధించడానికి వాడుకుంటాయని కొందరు మిత్రులంటున్నారు. నిజమే, వాడుకుంటాయి. అందుకే పేరు పట్టుకుని కాదు, దుంగను, డబ్బును పట్టుకుని పొమ్మంటున్నాం. 2004 నుంచి ఈరోజు దాకా, కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, ఇప్పటి కూటమి - అందరి కాలమూ, హైకోర్టు పర్యవేక్షణలో. విదేశాల్లో కొన్నోళ్ళ ఖాతాల దాకా పోవాల, నివేదిక జనం ముందు పెట్టాల.

ఆ 20 మందిని కొండకు పిలిచిన మేస్త్రీలెవరు? వాళ్ళకు అడ్వాన్సు డబ్బు ఇచ్చి పంపిందెవరు? దర్యాప్తు అక్కడ మొదలుపెట్టమనండి.