బాలింతకు మందు రాశారని బిడ్డకు పాలు మాన్పించకండి

కోనసీమ నుంచి నరసాపురం దాకా చంటిబిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ, ఆ ఇంటి పెద్దలకూ, మందుల షాపుల వారికీ ఈ విన్నపం.

బాలింతకు జ్వరమో పంటినొప్పో వచ్చి బిళ్ల వేసుకోగానే, "మందు పాలల్లోకి దిగుతుందే, బిడ్డకివ్వకు" అంటారు. డాక్టరు చెప్పకుండా ఆ మాట అనకండమ్మా. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, అమాక్సిసిలిన్ సరైన మోతాదులో వాడితే పాలలో చేరేది చాలా కొద్ది. క్షయకు మందులు వాడే తల్లులు కూడా డాక్టరు చూపులో ఉంటూ పాలివ్వవచ్చు. ఉన్నట్టుండి ఆపేస్తే రొమ్ములు గడ్డకట్టి మళ్లీ జ్వరం పట్టుకుంటుంది. బిడ్డ చీకకపోతే పాలు పడటమూ తగ్గుతుంది. అప్పుడిక డబ్బా పాలే. అవి కలపడానికి నీళ్లో? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరిలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయింది. అలాంటి రోజుల్లో సీసా కడగడానికి మంచినీళ్లు దొరకడం ఎంత కష్టమో లంకల్లో ఉండేవారికి ఒకరు చెప్పాలా!

అలాగని ప్రతి బిళ్లా మంచిదే అనుకోవద్దు. కొడీన్ కలిసిన దగ్గుమందు, ట్రమడాల్ ఉన్న నొప్పి బిళ్ల పాలిచ్చే తల్లికి వద్దే వద్దు. కొందరి ఒంట్లో ఇవి ఎక్కువ మత్తుగా మారి, పాలతో బిడ్డకు చేరి, ఊపిరి మందగించేలా చేస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై గట్టిగా హెచ్చరించింది. గర్భం రాకుండా వాడే బిళ్లల్లోనూ, పాలిచ్చే తల్లులు కాన్పయిన ఆరు నెలల లోపు మాలా-ఎన్ మొదలుపెట్టకండి; బదులుగా ఛాయ బిళ్లలు వాడుకోవచ్చు, ఆశా కార్యకర్తను అడగండి.

షాపుల వారికి ప్రత్యేకంగా ఒక మాట. బాలింత తానే మీ దగ్గరకు రావడం తక్కువ. భర్తో తమ్ముడో బండి ఆపి "దగ్గు మందివ్వండి" అంటాడు, ఎవరికో చెప్పడు. మీరే అడగండి: "ఎవరికండీ? పాలు తాగే బిడ్డ ఉందా? ఎన్నో నెల?" రెండు నెలలు నిండని బిడ్డయితే ఇంకా జాగ్రత్త, మందును బయటికి పంపే శక్తి ఆ ఒంటికి అప్పటికింకా పూర్తిగా రాదు.

తల్లి మందు వేసుకున్నాక బిడ్డ లేపినా లేవకపోయినా, చీకకపోయినా, ఊపిరి తేడాగా ఉన్నా తెల్లవారనివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తల్లి వేసుకున్న బిళ్లల షీటు వెంట తీసుకెళ్లండి.