గీత కాగితం మీద, ముంపు మా ఇళ్లల్లో

41.15. 45.72. పోలవరం ముంపు మండలాల్లో ఈ రెండు అంకెలు తెలియని మనిషి లేడు. ఇవి ఇంజినీర్లు కాగితం మీద గీసిన కాంటూరు గీతలు, మీటర్లలో. మొదటి గీతకు కింద ఉన్నోడికి పునరావాసం ముందు, పైన ఉన్నోడికి తర్వాత. తర్వాత అంటే ఎప్పుడు? అడిగితే జవాబు లేదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! చింతూరు, కూనవరం, వీఆర్ పురం, ఎటపాక మండలాల్లో జనం గుట్టలెక్కి టార్పాలిన్ల కింద బతికారు. మొదటి దశ జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి. మరి గోదారి ఏ గీత చూసి వచ్చింది?

"అది వరద, ప్రాజెక్టుకేం సంబంధం?" అంటారు. సరే, వరదే అనుకుందాం. 1986లో ఇంతకంటే పెద్దదే వచ్చింది, అప్పుడు డ్యామ్ లేదు. అడ్డు లేనప్పుడే అంత ఎగిసిన నదికి అడ్డుకట్ట వేసి, ఈ గీత దాటి నీళ్లు రావని మాకు చెప్తే ఎట్లా నమ్మాలి?

2013 భూసేకరణ చట్టం ఏమంటోంది? షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు అంగీకారం కావాలంటోంది. సాగునీటి ప్రాజెక్టయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలంటోంది. ఆదివాసీలను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒక్కచోటే ఉంచాలంటోంది. ఇది మేం రాసుకున్న చట్టం కాదు, పార్లమెంటు చేసింది.

డెల్టా రైతు మాకు శత్రువు కాదు. ఆయన పొలానికి నీళ్లు రావాలి, విశాఖకు తాగునీరు అందాలి. కానీ 194 టీఎంసీల నీళ్లు, 960 మెగావాట్ల కరెంటు ఒకరికి, మునక మాత్రం కోయలకు, కొండరెడ్లకు అంటే దాన్ని అభివృద్ధి అనలేం. "ఆంధ్రుల జీవనాడి" అంటున్నారు కదా, ఆ నాడి కోసం కోస్తున్నది ఎవరి ఒళ్లు?

కాలనీలో స్లాబు ఇల్లు ఇస్తారు. ఇప్పచెట్టు ఇస్తారా? తునికాకు, అడ్డాకు, చింతపండు, వాగులో చేపలు ఇస్తారా? విత్తనాల పండగ ఏ సిమెంటు రోడ్డు మీద చేసుకోవాలి? నష్టపరిహారం లెక్కలో ఇంటికి, పొలానికి గడులున్నాయి. అడవికి గడి లేదు.

అందుకే మా మాట ఒక్కటే. దశలు వద్దు. 45.72 లోపు ఊళ్లన్నిటికీ, 2022లో మునిగిన ప్రతి ఊరికీ ఒకేసారి పునరావాసం ఇవ్వాలి. భూమికి భూమి ఇవ్వాలి. అడవి హక్కు కాగితం మీద రాసివ్వాలి.

ముందు మనుషులు, తర్వాతే గేట్లు.