పిల్లల చేతికి అందే హాలోవీన్ వంట
అమెరికాలో అక్టోబర్ 31న జరిగే హాలోవీన్ నాడు వేషాలతో వచ్చే పిల్లలకు ఒకప్పుడు ఇరుగుపొరుగువారు ఇంట్లో చేసిన పాప్‌కార్న్ ఉండలు, పాకంలో ముంచిన ఆపిల్ పండ్లు పెట్టేవారు. అపరిచితులు మిఠాయిల్లో విషం కలుపుతారన్న భయం 1970లలో బలపడ్డాక ఆ స్థానం పూర్తిగా కంపెనీ పొట్లాలదైంది. 1958 నుంచి వచ్చిన అటువంటి వార్తలను పరిశీలించిన సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్‌కు ఆ విధంగా ఒక్క బిడ్డైనా మరణించినట్లు ఆధారం దొరకలేదు. అయినా పోయిన నమ్మకం వీధిలోకి తిరిగి రావడం కష్టమే కనుక, ఆ వంట కనీసం సొంత ఇంటి పిల్లలతోనైనా నిలవాలి. అందుకు నేర్పు కోరే కేకులకన్నా 1939లో కెలాగ్స్ సంస్థలో రూపొందిన రైస్ క్రిస్పీస్ ట్రీట్లే ఎంతో మేలు. పంచదార, జెలటిన్ కలిపి నురగగా గిలకొట్టి చేసే మెత్తని మిఠాయి అయిన మార్ష్‌మాలోను వెన్నతో కరిగించి, అందులో పేలాల వంటి బియ్యపు సీరియల్ కలిపి పళ్లెంలో అదిమితే పెద్దల పని ముగుస్తుంది (జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది గనుక అక్కడి శాకాహార తెలుగు కుటుంబాలు అది లేని రకాన్ని ఎంచుకోవాలి). చల్లారిన ముక్కలపై తెల్ల చాక్లెట్ ధారలతో మమ్మీ, అంటే గుడ్డపీలికలు చుట్టి భద్రపరచిన ప్రాచీన ఈజిప్టు మృతదేహం, ఆకారం తెచ్చి, పంచదార కళ్లు అతికించే పని పూర్తిగా పిల్లలకే వదలాలి. కళ్లు వంకరగా కుదిరినా పెద్దలు వాటిని సరిదిద్దకూడదు.