వృద్ధుల ఆరోగ్యం: మందలింపులు చాలు, మెచ్చుకోలు కావాలి

ఆదాయంతో నిమిత్తం లేకుండా 70 ఏళ్లు దాటిన వారందరినీ 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ భారత్ పథకంలో చేర్చారు. ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభిస్తుంది. అయితే ఇది జబ్బు ముదిరాక అందే ఆసరా. వృద్ధులు రోజూ నడిచేలా, మాత్రలు మానకుండా వేసుకొనేలా చూసే పని ఇంకా ఉపదేశాల మీదే నడుస్తోంది. వాటిలోనూ అధిక భాగం నిషేధాలే: ఉప్పు వద్దు, పచ్చడి వద్దు, చుట్ట వద్దు. ఏళ్ల తరబడి తప్పులే వినవలసి వచ్చిన వ్యక్తి చివరకు వినడం మానేస్తాడు.

గ్రామాల్లో ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటిన వారి కోసం నింపే ఆరోగ్య అంచనా పత్రాన్నే చూద్దాం. పొగాకు, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, కుటుంబ చరిత్ర వంటి అంశాలకు అందులో మార్కులుంటాయి. మొత్తం 4 దాటితే ముప్పు పొంచి ఉన్నట్టు లెక్క. వయసుకూ మార్కులు వేస్తారు గనుక 60 దాటిన వారిపై ఆ భారం ముందే పడుతుంది. వయసును ఎవరూ తగ్గించుకోలేరు. కానీ చుట్ట మానేసినా, వారానికి 150 నిమిషాల శ్రమ అలవాటు చేసుకొన్నా మార్కులు తగ్గుతాయి. ఆ తగ్గుదలను ఆ పెద్దమనిషికి చదివి వినిపించడానికి అదనపు నిధులేవీ అక్కర్లేదు.

మెచ్చుకోలు అంటే బుజ్జగింపు కాదు. చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడితే పెద్దవారు చిన్నబుచ్చుకొంటారు, అది న్యాయమే. "పోయిన నెల మీ పై రక్తపోటు 160, ఈసారి 146. మాత్రలు తప్పకుండా వేసుకొన్న ఫలితమండీ ఇది" అన్న మాటలో పొగడ్త తక్కువ, సమాచారం ఎక్కువ. తన శ్రమకూ ఫలితానికీ ఉన్న ముడి వినేవారికి కనబడుతుంది. విదేశాల నుంచి ఫోన్ చేసే పిల్లలు "మాత్ర వేసుకొన్నావా?" అని ఆరా తీయడంతో ఆగిపోకుండా ఈ ముడిని గుర్తుచేస్తే మేలు.

లక్ష్యం కూడా అందేలా ఉండాలి. రోజుకు 10,000 అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు నుంచి ప్రచారం పొందింది. అది వైద్యులు విధించిన హద్దు కాదు. మోకాళ్ల నొప్పులున్న వారికి అది రోజూ ఓటమినే చూపిస్తుంది. 65 దాటినవారు వారానికి కనీసం 3 రోజులు శరీర సమతౌల్యాన్ని, బలాన్ని పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చేతుల ఆసరా లేకుండా అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టుకోవడం ఏ ఇంట్లోనైనా సాధ్యమే. నిరుటి కన్నా ఒక్కసారి ఎక్కువ లేచినా చెప్పుకోదగ్గదే.

ఇంత చెప్పినా, ఆరోగ్య కేంద్రంలో మాత్రలు నిండుకొంటే ఏ ప్రశంసా పనిచేయదు. 2017లో తెలంగాణ సహా 5 రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మందుల నిరంతర సరఫరాకూ, ఇంటికి దగ్గరలో చికిత్సకూ ప్రాధాన్యం ఇచ్చింది అందుకే. క్రమం తప్పకుండా వచ్చే వృద్ధుణ్ణి ఖాళీ చేతులతో తిప్పి పంపితే, మరుసటి నెల ఆయన రాకపోవడాన్ని నిర్లక్ష్యమని రాసుకొనే హక్కు ఆ కేంద్రానికి ఉండదు.