జీవించి ఉన్నామని ఎవరికి తెలియాలి?

పింఛను పొందే ప్రతి విశ్రాంత ఉద్యోగీ తాను జీవించి ఉన్నట్లు ఏటా ఒకసారి ధ్రువపత్రం సమర్పించాలి. కేంద్ర ప్రభుత్వం 2014లో జీవన్ ప్రమాణ్ విధానాన్ని ప్రవేశపెట్టిన తరువాత వేలిముద్రతోనే ఆ పని పూర్తవుతున్నది. ప్రభుత్వానికి ఆ ఒక్క రోజు చాలు. మిగిలిన 364 రోజులూ మనం జీవించి ఉన్నామని ఎవరికి తెలియాలి?

ఈ ప్రశ్న నన్ను వేధించడానికి కారణం ఉన్నది. కోసిగిలో నేను అర్చన చేసే ఆలయానికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నిత్యం సాయంసంధ్యవేళ వచ్చేవారు. ప్రదక్షిణ చేసి, తీర్థం స్వీకరించి, మంటపంలో కాసేపు కూర్చుని మౌనంగా వెళ్ళిపోయేవారు. ఒకసారి వరుసగా తొమ్మిది రోజులు రాలేదు. కుమారుని వద్దకు బెంగళూరు వెళ్ళి ఉంటారనుకున్నాను. ఆయన స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముక విరిగి మంచం పట్టారని పదవనాడు తెలిసింది. నిత్యం ఆయన చేతిలో తీర్థం పోసిన నేను సైతం ఒక్కసారీ ఆ ఇంటి తలుపు తట్టలేదు. దేవుని సన్నిధిలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ఒకరికొకరం తోడు కాలేమని ఆనాడు గ్రహించాను.

వయసు మీరినవారికి ఏకాంతమే శ్రేయస్కరమనీ, వానప్రస్థమంటే అదేననీ కొందరు వాదిస్తారు. ఒళ్ళు ముడతలు పడి, తల నెరసి, మనుమని ముఖం చూసిన గృహస్థు అడవికి వెళ్ళాలని మనుస్మృతి చెప్పిన మాట నిజమే. అయితే అడవికి వెళ్ళినవారు ఒంటరిగా ఉన్నారా? మహాభారతంలోని ఆశ్రమవాసపర్వం చూడండి. ధృతరాష్ట్రుని వెంట గాంధారి, కుంతి, విదురుడు, సంజయుడు తరలివెళ్ళారు. శతయూపుడనే రాజర్షి ఆశ్రమంలో వారికి ఆశ్రయం లభించింది. మునులు వచ్చి మాట్లాడారు. పాండవులు సపరివారంగా వెళ్ళి చూసివచ్చారు. శౌనకాది మునులు సూతుని చుట్టూ చేరి కథలు విన్నదీ నైమిశారణ్యంలోనే. వానప్రస్థంలో విడువవలసినది అధికారాన్ని, ఆస్తిపై మమకారాన్ని; మనుషులను కాదు.

అందువల్ల విశ్రాంత ఉద్యోగుల సంఘాలను కేవలం కాలక్షేప కేంద్రాలుగా భావించడం తగదు. పింఛను దయాభిక్ష కాదు, హక్కు అని సుప్రీంకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. ఆ తేదీని ఏటా పెన్షనర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. సన్మానాలు, శాలువాలు సంతోషమే. కరవు భత్యం బకాయిల చర్చ కూడా అవసరమే. కానీ అంతటితో సంఘం పని ముగిసిపోరాదు.

మా ఊరి ఎండ ముదరకముందే సభ్యులందరూ కలిసి నడవాలి. వృద్ధులకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, మూడు రోజులు తూలి పడకుండా కాపాడే కసరత్తు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఒంటరిగా నడిచేవాడు నాలుగు రోజులకే మానుకుంటాడు. వాకిట నిలిచి పిలిచే మిత్రుడు ఉన్నవాడు మానలేడు. ఎవరైనా రాకపోతే ఆ పూటే గుర్తించి, ఇద్దరు వెళ్ళి పలకరించి రావాలి. నా దృష్టిలో సంఘానికి ఇదే తొలి కర్తవ్యం.

మరొక మాట. మా ప్రాంతంలో సుగ్గికాలం వచ్చిందంటే కూలిపనులకై గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలెన్నో. ఇళ్ళలో మిగిలేది ముసలివారూ, పిల్లలూ. ఆ ముసలివారికి ఉద్యోగం లేదు కనుక విరమణా లేదు, ఏ సంఘంలోనూ సభ్యత్వమూ లేదు. ఉద్యోగాలు చేసి విరమించినవారి నడకలో, భజనలో, పలకరింపులో ఈ అవ్వలకూ తాతలకూ చోటుండాలి. చదువుకున్నవారు వారి మందుల చీటీ చదివి చెప్పినా, వారి మనుమలకు సాయంత్రం నాలుగు ఎక్కాలు నేర్పినా అది భగవంతుని సేవే. తాను మరొకరికి అవసరమన్న భావన కంటే వృద్ధునికి మంచి ఔషధం లేదు.

ఆ ఉపాధ్యాయుడు ఇప్పుడు చేతికర్ర సాయంతో మళ్ళీ ఆలయానికి వస్తున్నారు. ఆయన రాని సాయంత్రం హారతి ముగియగానే కబురు పంపుతున్నాను. నూరేళ్ళు వర్ధిల్లమని దీవించే అర్చకునికి, ఆ నూరేళ్ళలో ఈ పూట ఎలా గడిచిందని అడిగే బాధ్యత కూడా ఉన్నది.